నాగవేణి వాకిట్లో సీసపు గుండ్లు

మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక మునిశేఖర్ వసారాలో చాప పరుచుకుని కూర్చుంటాడు. ముందు ఒక గోనెసంచి, దాని మీద తూటాల ఖాళీ ఇత్తడి డొప్పలు, తుపాకి మందు డబ్బా, సీసపు గుండ్లు. డొప్పను పంచె అంచుతో తుడవడం, మందు పోయడం, గుండు బిగించడం. ఎండ చల్లబడే దాకా అదే పని.

తాత కాలం నాటి వేట తుపాకి అది. కార్వేటినగరం దొరల వెంట వేటకు తిరిగిన తాతకు వాళ్ళే ఇచ్చింది. దానికి పట్టే తూటాలు చిత్తూరులో ఏ కొట్లోనూ దొరకడం లేదు. అందుకే కాల్చిన డొప్పనే ఇంటికి తెచ్చి మళ్ళీ నింపుకోవడం ఆ ఇంట్లో అలవాటు. లైసెన్సు మాత్రం పంట కాపలాకు. చేను కొండను ఆనుకుని ఉంది, కొండ నిండా అడవి పందులే.

ఆ తుపాకితో ఉన్న ఇబ్బంది ఒక్కటే. గుండు గురిపెట్టిన చోటికి పోదు, నింపిన మనిషి మనసు ఎక్కడుంటే అక్కడికి పోతుంది. తాతకు వేట తప్ప వేరే ధ్యాస లేదు కాబట్టి ఆయన గురి తప్పలేదు. నాయన మాత్రం ఒకసారి, తిరుపతిలో కాన్పుకు పోయిన చెల్లెల్ని తలుచుకుంటూ నింపాడు. ఆ గుండు ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన దొరికింది. మనిషిని తలుచుకుని నింపిన గుండు మనిషికి ఏ హానీ చెయ్యదు. వెచ్చగా వచ్చి కాళ్ళ దగ్గర పడుతుంది, అంతే.

మునిశేఖర్ గుండ్లన్నీ నాగవేణి వాకిట్లో పడతాయి.

నాగవేణి పక్క వీధిలో జాకెట్లు కుడుతుంది. మునిశేఖర్‌కు మరదలి వరస. భర్త పోయి చాలా ఏళ్ళయింది. మునిశేఖర్‌కు యాభై దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. చూసిన పిల్ల నచ్చిందని చెప్పడానికి ఆయన గొంతు సవరించుకునే లోపల ఆ పిల్లకు ఇంకో చోట పెళ్ళయిపోయేది.

సాయంత్రం కొండవైపు ఢామ్మని వినిపిస్తే నాగవేణి అరుగు మీది ఆడవాళ్ళు కాళ్ళు పైకి లాక్కుని, మాట ఆపకుండా మాట్లాడుకుంటారు. గుండు వచ్చి పడుతుంది. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, కత్తిరించే గుడ్డ జారకుండా బరువుగా పెట్టుకుంటుంది. శుక్రవారం వచ్చేసరికి అన్నీ కలిపి, మిగిలిన జాకెట్టు ముక్కతో సంచి కుట్టి అందులో వేసి వెనక్కి పంపుతుంది. సంచి రంగు ప్రతిసారీ వేరు. మునిశేఖర్ ఒక్కటీ పారేయలేదు.

"మందు పోసేటప్పుడన్నా ఆ పందిని తలుసుకోరా నాయనా," అని తల్లి మునిరత్నమ్మ మొత్తుకునేది. "చేనంతా తవ్వి పోస్తాండాయి."

ఆయనా ప్రయత్నం చేయకపోలేదు. పంది గుర్తుండాలని వరాహస్వామి క్యాలెండరు ఎదురుగా తగిలించుకున్నాడు. దేవుణ్ణి చూస్తూ తూటా నింపడమేమిటని వెంటనే చెంపలేసుకుని తీసేశాడు. మనసు మళ్ళీ పక్క వీధికే పోయింది.

ఈలోగా తిరుత్తణి నుంచి నాగవేణి తమ్ముడు ఢిల్లీబాబు వచ్చాడు. కాఫీ తాగుతుండగా గుండు వచ్చి లోటా పక్కన పడింది.

"ఇంగా ఇదేనా అక్కా?" అన్నాడు విసుగ్గా. "ఆయప్ప నోరు తెరిసి ఒక్క మాటన్నా అడిగినాడా?"

"ల్యా."

"గుండ్లతో కాపరం జేస్తావా? నాతో వచ్చేయ్. మిషనుకు ఆడ జాగా ఉండాది. ఎల్లుండి పోదాం."

నాగవేణి గుండును కొంగుతో తుడిచి మిగతావాటి పక్కన పెట్టింది. తమ్ముడి మాటలో తప్పేమీ లేదు. అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది.

మరునాడు మధ్యాహ్నం గుండ్లన్నీ సంచిలో వేసుకుని తనే మునిశేఖర్ వసారాకు వచ్చింది.

"రేపు తిరుత్తణికి పోతాండాను బావా. ఇంగ ఆడనే ఉండేది."

మునిశేఖర్ చేతిలో డొప్ప ఆగిపోయింది. "అట్నా," అన్నాడు.

"అంతేనా?"

"బస్సులో జాగర్త."

ఏం మనిషో! గుండెలో కొండంత ఉండి, నోటికి వచ్చింది బస్సు.

నాగవేణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెళ్ళిపోతుందనుకుంటే, వచ్చి చాప మీద కూర్చుంది. "ఒకటి నేను నింపుతా, సూపీ," అంది. "నా మనసు యాడుండాదో నాకే తెలీడం ల్యా. సచ్చిపోయినాయన మీద ఉంటే సుడుగాట్లో పడతాది, ఈడనే ఆయన తలపులతో ఉండిపోతా. తమ్ముడి మీదుంటే వాడి వెంట పోతా. యాడ పడితే అదే నా దారి."

లోపలి నుంచి మజ్జిగ తెస్తున్న మునిరత్నమ్మ గడప దగ్గరే ఆగి, చెంబుతో సహా వెనక్కి తిరిగింది.

మునిశేఖర్ చూపించాడు, ఆమె నింపింది. గుండు బిగిస్తూ కళ్ళు మూసుకుంది. ఆమె భర్త మంచివాడు. ఆమె ఆయన్ని ఎంత ప్రేమగా చూసుకునేదో మునిశేఖర్ కళ్ళారా చూసినవాడే. అందుకే ఆ తూటా చేతిలోకి తీసుకుంటూ శ్మశానం వైపు ఒకసారి చూశాడు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ చేను గట్టున నిలబడ్డారు. పందుల గుంపు దిగి చెనిక్కాయ చెట్లు పెళ్ళగించడం మొదలుపెట్టింది. మునిశేఖర్ తుపాకి భుజానికి ఆనించి కాల్చాడు. ఢామ్మన్న చప్పుడు కొండకు తగిలి తిరిగి వచ్చింది. ఒక పంది తలెత్తి చూసి మళ్ళీ తిండిలో పడింది.

నాగవేణి శ్మశానం వైపు చూసింది. కాటికాపరి అరుగు మీద కదలకుండా కూర్చునే ఉన్నాడు. తమ్ముడికి ఫోన్ చేసింది. ఇంట్లో ఏమీ పడలేదన్నాడు.

మునిశేఖర్ ఉసూరుమంటూ తుపాకి దించాడు. గొట్టం కిందికి వాలగానే గుండు మెల్లగా జారి, ఆయన పాదం మీద పడి చెప్పు పక్కన ఆగింది. ఆయన వంగి తీసుకున్నాడు. వెచ్చగా ఉంది.

"మందు సాల్లేదేమో," అన్నాడు తప్పు చేసినవాడిలా. "మళ్ళా నింపుదామా?"

నాగవేణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "మందు సరిగ్గానే ఉండాది బావా. నువ్వు ఈడనే ఉండావు గదా, అది ఇంగ యాడికి పోవల్ల?"

మునిశేఖర్ అరచేతిలోని గుండును చూశాడు, ఆమెను చూశాడు. గొంతు సవరించుకోవాలనుకుని, ఈసారి దానికోసం ఆగలేదు.

"అయితే నువ్వూ పోవద్దు," అన్నాడు.