పచ్చ రాణికి అమ్మిన విద్య

ఆ అన్నాచెల్లెళ్ళకి చిన్నప్పటినుంచీ తీర్పరి ఆటే. కిటికీ పక్క మంచం ఎవరిది, పగిలిన అద్దం గురించి నాన్నకి ఎవరు చెప్పాలి, అన్నీ ఆటలోనే తేల్చుకున్నారు. ఓడినవాళ్ళు కిమ్మనకూడదు. ముప్పై ఏళ్ళుగా చెల్లెలు ఆ మాట జవదాటలేదు. మహాతల్లి, ఏడుపొచ్చినా నవ్వుతూనే ఒప్పుకునేది.

ఇప్పుడు తేలాల్సింది కొట్టు. ముందు భాగంలో అన్న గడియారాలు బాగుచేస్తాడు, వెనక భాగంలో చెల్లెలు పుస్తకాలకి బైండింగ్ చేస్తుంది. యజమాని సగం వెనక్కి తీసుకుంటానన్నాడు. మిగిలిన సగంలో ఒక్కరికే చోటు. రెండోవాళ్ళు పన్నెండేళ్ళ గిరాకీని వదులుకుని ఇంకో వీధి వెతుక్కోవాలి.

"ఆడేద్దాం" అన్నాడు అన్న. "సరే" అంది చెల్లెలు.

రోజూ మధ్యాహ్నం షట్టరు సగం దించి, ఒకే ల్యాప్‌టాప్ ముందు వంతులేసుకుని ఆడేవాళ్ళు, ఒకరి వంతు ఇంకొకరు చూడకుండా. రాజ్యాల ఆట. ఇద్దరూ మిత్రులు. కంప్యూటర్ నడిపే ముగ్గురు రాజుల్నీ ముందు కలిసి ఓడించాలి, తర్వాత ఇద్దరూ తలపడాలి. షరతు ఒక్కటే: మనం కనిపెట్టిన విద్య ఏదీ కంప్యూటర్‌కి ఇవ్వకూడదు. ఒకరికిస్తే చాలు, వాళ్ళలో వాళ్ళు మార్చేసుకుంటారు.

ఆటలో చెల్లెలు తన రాజ్యంలో పొలాలు ఎండబెట్టి, ఉన్నదంతా బడులకి పోసి, నానా తంటాలూ పడి మందుగుండు కనిపెట్టింది. అప్పటికి అన్న కోటల్ని పచ్చ రాణి చుట్టుముట్టింది. పచ్చ రాణి అంటే మనిషి కాదు, ఆ ముగ్గురిలో ఒకరు, కంప్యూటరే.

"కంప్యూటర్ చేతిలో ఓడితే నా పరువేం కావాలే? ఆ విద్య ఇవ్వవే" అని బతిమాలాడు అన్న. ఆవిడ మనసు కరిగింది. వెర్రిబాగులది, ఏమీ అడక్కుండా ఇచ్చేసింది.

మర్నాడు పచ్చ రాణి ఫిరంగులు ఆవిడ రాజధాని ముందు నిలబడ్డాయి. ఫిరంగులా! ఎక్కడివి? రాణితో మాటలాడే కిటికీ తెరిచి, యుద్ధానికి కారణం అడిగే మీట నొక్కింది. జవాబు తెర మీద పడింది: "మీ మిత్రుడు మాకు మందుగుండు ఇచ్చాడు. బదులుగా మీ మీద యుద్ధం కోరాడు."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కంప్యూటర్ పట్టించేసింది.

"ఏంటన్నయ్యా ఇది?"

"ఆటే కదే, దానికే అంత మొహం పెడతావా?" అన్నాడు చేతిలో గడియారం మీంచి తలెత్తకుండా.

"ఆటే అయితే కొట్టు దీంతో తేలదు. కొట్టు దీంతోనే తేలాలంటే నువ్వు చేసింది ద్రోహం. ఏదో ఒకటి చెప్పు."

అన్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"కొట్టు నాకేనని యజమానికి పోయిన వారం సోమవారమే చెప్పేశాను. అద్దె కాగితం నా పేరు మీదే రాశాడు."

ఆట మొదలుపెట్టింది ఆ తర్వాత బుధవారం. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకోలేదు, అవసరం లేదు.

"మరి ఈ పదిరోజులూ నాతో ఎందుకాడావు?"

"ఊరికే పొమ్మంటే పోట్లాడేదానివి. ఓడిపోతే మారు మాట్లాడవు. నాకు తెలుసుగా నీ సంగతి."

అదీ మాట! పచ్చ రాణికి అమ్మింది మందుగుండొక్కటే అనుకుంది ఇంతసేపూ. ముప్పై ఏళ్ళు తను నిలబెట్టుకున్న నిజాయితీనే పట్టుకుని తన మెడ మీద కత్తి పెట్టాడు తోడబుట్టినవాడు. ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది, ఈసారి ఆపుకోలేదు.

"పచ్చ రాణే నయం అన్నయ్యా. అడిగితే నిజం చెప్పింది" అంది.

కళ్ళు తుడుచుకుని షట్టరు పూర్తిగా ఎత్తి, యజమాని ఇంటికి బయల్దేరింది. అన్న వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు. జీవితంలో మొదటిసారి, ఓడిపోయి మారుమాట్లాడటానికి వెళ్తోందావిడ.