చలిమిడికి స్నానం

మా ఆయన ఈశ్వరప్రసాద్ గారు బందరు బస్టాండులో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ బస్సు ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు కదలాలో మైకులో చెప్పడమే ఆయన పని. రిటైరయ్యాక చెప్పడానికి బస్సులు లేక నాకు చెప్పేవారు. నేను చెప్పినట్టు కదిలే రకం కాదు కాబట్టి ఆయనకు పాపం తృప్తి ఉండేది కాదు. అలాంటి సమయంలో కరోనా వచ్చింది. ఊరందరి ఉద్యోగాలూ ఊగిసలాడుతుంటే మా ఆయన ఉద్యోగం మాత్రం ఆయనకు తిరిగి వచ్చింది.

ముందుగా మా వరండాని ప్లాట్‌ఫారాలుగా విడగొట్టారు. గీతలు గీయడానికి వాడింది నా ముగ్గుపిండి. బయటి నుంచి వచ్చిన ఏ సరుకైనా మొదటి గీత దగ్గర దిగాలి. రెండో గీత దగ్గర సబ్బునీళ్ల బకెట్టు, మూడో గీత అవతల ఎండ. పాలప్యాకెట్లది ఎక్స్‌ప్రెస్ సర్వీసు, ఒక్క మునక వేసి నేరుగా ఫ్రిజ్జులోకి వచ్చేవి. కూరగాయలది పల్లెవెలుగు. ఉప్పునీళ్లలో ఆగి, పసుపునీళ్లలో ఆగి, మంచినీళ్లలో ఆగి, ఎండలో ఇంకాసేపు ఆగి వంటింటికి చేరేసరికి అది తోటకూరో గోంగూరో నేను వాసన చూసి తెలుసుకోవలసి వచ్చేది. కందిపప్పు, గోధుమపిండి ప్యాకెట్లు వరండాలోనే మూడు రాత్రులు నిద్ర చేసి లోపలికి వచ్చేవి. ఒకసారి గిలకలదిండి రేవు నుంచి చేప వస్తే, సముద్రంలో పుట్టి పెరిగిన ఆ చేపకి ఉప్పునీళ్లతో స్నానం చేయించారు. నవ్వానని నాతో రెండు పూటలు మాట్లాడలేదు.

మా కోడలు వర్షిణి అప్పుడు కడుపుతో ఉంది. ఒకరోజు దానికి మసాలా దోసె తినాలనిపించింది. మా అబ్బాయి మోహనకృష్ణ మేడ మీద గదిలో చెవులకి అవేవో తగిలించుకుని ఆఫీసు పని చేసుకుంటూనే ఫోనులో ఆర్డరు పెట్టాడు. పార్సిలు తెచ్చినతన్ని స్టూలు మీద పెట్టి దూరంగా జరగమని మా ఆయన గేటు లోపలి నుంచి చెప్పారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత పట్టకారుతో ఆ పొట్లం విప్పి, కాగితం తగలబెట్టి, దోసెను మళ్లీ పెనం మీద వేసి అప్పడం అయ్యేదాకా కాల్చారు. కొబ్బరి పచ్చడిని కూడా మరగబెట్టారు. అది విరిగి నీళ్లు వేరు, కొబ్బరి వేరు అయింది. ఆయన ఎదురుగా నిలబడి ఎంతో ఆనందంగా చూస్తుంటే వర్షిణి ఒక్క మాట కూడా అనకుండా ఆ దోసెను కరకరా నమిలింది.

వర్షిణిని చూసే డాక్టరు వినీల గారికి నేనే ఫోను చేయించాను. బయటి నుంచి వచ్చిన సంచీ, డబ్బా పైన తుడవండి, హోటలు తిండి మీ గిన్నెలోకి మార్చుకుని వేడి చేసుకోండి, చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి, తినే వస్తువులకి మాత్రం సబ్బు తగలనివ్వకండి, ఇంతకన్నా అక్కర్లేదు అని ఆవిడ విడమరిచి చెప్పారు. మా ఆయన వినయంగా థాంక్సండీ అని ఫోను పెట్టేసి, పాపం చిన్నపిల్ల, ఆవిడకి జనం సంగతి తెలియదు అన్నారు.

ఆయన్ని నేను ఎంతైనా తిట్టగలను, తిట్టాను కూడా. కానీ ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. రెండేళ్ల కిందట వర్షిణికి మొదటి కడుపు నాలుగో నెల దాటగానే పోయింది. మా వైపు కడుపుతో ఉన్న పిల్లకి ఐదో నెలలో పుట్టింటివాళ్లు వచ్చి ఒడిలో చలిమిడి పెడతారు. తడి బియ్యప్పిండిలో పంచదార, నెయ్యి, కొబ్బరి ముక్కలు వేసి కలిపేది, పొయ్యి మొహం చూడనిది. కడుపు చల్లగా ఉండాలని పెట్టేది. ఆ ఏడు గుడివాడలో మా వియ్యపురాలు సుమతి గారు చలిమిడికని బియ్యం నానబోసుకున్న రోజే ఆ కబురు వెళ్లింది. నానిన బియ్యం ఏం చేశారో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఆయన పెరట్లోకి వెళ్లి ఏడుస్తుంటే చూశాను. అంతకు ముందెప్పుడూ ఆయన ఏడవగా నేను చూడలేదు.

అందుకని ఈసారి ఐదో నెల రాగానే సుమతి గారు బయల్దేరతానన్నారు. మా ఆయన ఫోను అందుకుని, చాలా మర్యాదగా, గారూ అండీ తగ్గకుండా, ఈ రోజుల్లో బంధువులు రావడం మంచిది కాదని చెప్పారు. ఆవిడ సరే అన్నయ్యగారూ అన్నారు. ఆ తర్వాత విడిగా నాకు ఫోను చేశారు. నెల వెళ్లిపోతోంది, శుక్రవారం దాటితే మంచిరోజు లేదు, నేను రాకపోయినా నా చలిమిడి అయినా రానివ్వండి వదినగారూ అన్నారు. చలిమిడి పెడితేనే కడుపు నిలుస్తుందని నేను నమ్మను. కానీ ఆ తల్లి గొంతు విన్నాక వద్దనడం నా వల్ల కాలేదు.

మా ఆయన్ని ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. ఒప్పుకున్నారు కానీ తయారీ అంతా వీడియోలో చూస్తానన్నారు. శుక్రవారం తెల్లవారుతూనే గుడివాడలో ఆవిడ మాస్కు పెట్టుకుని రోట్లో పిండి దంచుతుంటే, ఈయన ఇక్కడ పడక్కుర్చీలో కూర్చుని, మాస్కు ముక్కు కిందకి జారింది చెల్లెమ్మగారూ అంటున్నారు. రోకలి పోటు వేసే మనిషికి ఊపిరి ఆడొద్దా? ఆవిడ రోకలి పక్కన పెట్టి మాస్కు సర్దుకుని మళ్లీ దంచారు. ఆవిడ స్థానంలో నేనుంటే ఫోనునే రోట్లో వేసేదాన్ని.

బందరుకి మందులు తెచ్చే వ్యానులో డ్రైవరు ఆ డబ్బాను పెట్టుకుని గుడ్లవల్లేరు, పెడన మీదుగా తెచ్చి మా స్టూలు మీద దించి వెళ్లాడు. స్టీలు డబ్బా, మీద తెల్లటి గుడ్డ కట్టి ఉంది. పచ్చిగా వచ్చిన తిండిని ఉడికించడమో ఎండబెట్టడమో చేయాలని మా ఇంటి రూలు. నేను వరండాలోకి వెళ్లి అడ్డంగా నిలబడ్డాను.

“దాన్ని పొయ్యెక్కిస్తే చలిమిడి కాదండీ, తాలికలవుతుంది. అప్పుడు మీరే తినండి.”

ఆయన కాసేపు ఆలోచించారు. తాలికలంటే ఆయనకి ఇష్టమే, అయినా నిగ్రహించుకున్నారు. సరే, లోపలిదాని జోలికి వెళ్లను, డబ్బాకి మాత్రం స్నానం చేయిస్తానన్నారు. డబ్బాయే కదా అని నేను లోపలికి వెళ్లి, వర్షిణిని పీట మీద కూర్చోబెట్టి కాళ్లకి పసుపు రాస్తున్నాను. ఆయన డబ్బాని పైపైన తుడుస్తారనుకున్నాను. ఆయన దాన్ని నిలువునా బకెట్లో ముంచి, పైకి తేలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు. నీళ్లలోంచి బుడబుడమని బుడగలు వచ్చాయి.

“చూడు రత్నం, కరోనా ఎలా వదులుతోందో,” అని కిటికీలోంచి నాకు సంతోషంగా కేకేశారు.

హారతి పళ్లెం వెతుక్కునే హడావిడిలో నేను మంచిదే అన్నాను.

ఫోనుని చెంబుకి ఆనించి పెట్టాం. అందులో సుమతి గారు పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, ఇక్కడికే వచ్చి మా ఎదురుగా కూర్చున్నట్టు కూర్చున్నారు. పక్కన వియ్యంకుడు ప్రకాష్ గారు. మా ఆయన మాస్కుతో గుమ్మంలో, రూలు ప్రకారం దూరంగా నిలబడ్డారు. నేను తడిసిన గుడ్డ విప్పి డబ్బా మూత తీశాను.

గుప్పున నిమ్మకాయ వాసన వచ్చింది. చలిమిడిలో ఎవరూ నిమ్మకాయ పిండరు. అది మా గిన్నెలు తోమే సబ్బు వాసన. ముద్దగా ఉండవలసిన చలిమిడి అంచుల్లో జారుగా అయి, కొబ్బరి ముక్కల మధ్య చిన్న చిన్న నురగలు తేలుతున్నాయి. వర్షిణి నా మొహం చూసింది. నేను గుమ్మంలోకి చూశాను. మాస్కు వెనక మా ఆయన మొహం పాలిపోవడం కళ్లలోనే తెలిసింది. వాసన ఆయనకీ అందింది.

వాసన అందనిది గుడివాడలో ఉన్నావిడకే.

“బాగా కుదిరిందామ్మా? నీకిష్టమని కొబ్బరి ఎక్కువేశాను,” అన్నారు సుమతి గారు. ఆ మాటకే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

బాగా కుదిరిందమ్మా అని వర్షిణి డబ్బాలో చెయ్యి పెట్టి ముద్ద తీసుకుంది. ఉత్తినే పెదవులకి ఆనించి దించేస్తుందనుకుని నేను ఊరుకున్నాను. అది తల్లి మొహం వైపు చూస్తూ నిజంగానే నోరు తెరిచింది. ఈ పిల్లని ఏమనాలో నాకు తెలియలేదు.

ఉగాది నుంచి కోడలికి ఆరడుగుల దూరం తప్పకుండా తిరిగిన మనిషి ఒక్క అంగలో పీట దగ్గరికి వచ్చారు. మాస్కు కిందకి లాగేసుకుని, ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, ముద్ద లాక్కుని తన నోట్లో పెట్టేసుకున్నారు.

ఫోనులో సుమతి గారు నిర్ఘాంతపోయారు. కోడలి చలిమిడిని మావగారు లాక్కుని తినడం ఏ వంశంలోనూ జరిగి ఉండదు.

“అన్నయ్యగారూ, అది పిల్లది,” అన్నారు మెల్లగా.

ఆయన ఏదో చెప్పబోయారు. మాటకి బదులు నురగ వచ్చింది. మీసాల మీద బుడగ ఒకటి లేచి పగిలింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన బుగ్గలోకి ముద్దని నెట్టుకుని, తప్పు నాదమ్మా, డబ్బాలోకి సబ్బునీళ్లు పోయాయి, మీరు తెల్లవారుజామున లేచి దంచిన పిండిని నా చేత్తో నేనే పాడుచేశాను అని చెప్పారు. మైకులో చెప్పే గొంతు కాదది. ఆ గొంతు నాకే కొత్తగా ఉంది.



“పోయినసారీ ఇంతేగా అన్నయ్యగారూ. పెట్టలేకపోయాను,” అన్నారు సుమతి గారు.

ఆ మాటతో వర్షిణి తల దించుకుంది.

“పోయినసారిలా కానివ్వనమ్మా,” అన్నారు మా ఆయన. “మీరు రండి. వద్దన్న నోటితోనే పిలుస్తున్నాను. ఇప్పుడే బయల్దేరి రండి.”

పిండి మిగిలిందా అని నేను అడిగాను. తడిపిండి ఇంకో గిన్నెడు ఉందని, గాలి తగలకుండా గుడ్డ కప్పి ఉంచానని ఆవిడ అన్నారు. అయితే ఆ పిండి పట్టుకొచ్చి మీ చేత్తో ఇక్కడే కలపండి అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుని లేవబోతూ ఫోను దగ్గరికి వంగారు.

“వస్తాను గానీ, ముందు ఆ నోట్లోది ఉమ్మెయ్యండి అన్నయ్యగారూ.”

ఆయన పెరట్లోకి పరుగెత్తారు. ఎన్నిసార్లు పుక్కిలించినా నిమ్మకాయ త్రేన్పులు మధ్యాహ్నం దాకా తగ్గలేదు. ఆ త్రేన్పుల మధ్యే ఇంట్లో కిటికీలన్నీ తెరిచారు, కుర్చీలు దూరం జరిపారు, నడవాలో సబ్బు, చెంబుతో నీళ్లు పెట్టారు.

ఎండ కాస్త వాలే వేళకి ప్రకాష్ గారి స్కూటరు మా గేటు ముందు ఆగింది. మా ఆయన వెళ్లి గేటు బార్లా తీశారు. వాళ్లిద్దరూ మాస్కులతోనే చేతులు, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చారు. సుమతి గారు మా వంటింట్లో చలిమిడి కలిపి, తాంబూలంతో కూతురి ఒడిలో పెట్టి, కాస్త వెనక్కి జరిగి కూర్చున్నారు. వర్షిణి ముద్ద తీసుకుని, తింటూ ఏడ్చింది. తల్లి మాత్రం ఏడవలేదు. కూతురి గొంతు వైపే చూస్తూ, అది మింగిందని తెలిశాక కళ్లు మూసుకున్నారు.

మా ఆయన లోపలికి రాలేదు. కిటికీ అవతల వరండాలో నిలబడి, పిల్ల తిన్నదా అని అడిగారు. తిన్నదన్నాను. ఇంకాసేపటికి, ఇంకో ముద్ద తిన్నదా అని అడిగారు. దానికి నేను సమాధానం చెప్పేలోపే సుమతి గారు లేచి, గిన్నెలోంచి పెద్ద ముద్ద చేసి పట్టుకుని వరండాలోకి వెళ్లారు.

“మీరూ రెండేళ్లుగా కడుపులో మంట పెట్టుకుని ఉన్నారు. పట్టండి,” అన్నారు.

మా ఆయన రెండు చేతులూ పట్టారు. ఆవిడ ఆ అరచేతుల్లో చలిమిడి పెట్టారు. పక్కనే బకెట్టు ఉంది. ఆయన దానివైపు చూడనైనా చూడకుండా ముద్దని నోట్లో పెట్టుకున్నారు.