నిన్నటి చారు

ఉదయశ్రీకి ఉదయం నిన్నటి చారుతో మొదలవుతుంది. ఇత్తడి గిన్నెలో రాత్రి మిగిలిన చారుని తన టిఫిన్ డబ్బాలోకి వంచుకుంటుంది. ఆ గిన్నె అత్తగారు శేషారత్నం గారితో కాపురానికొచ్చింది. కొడుకు ఉమాకాంత్‌ని బ్యాంకు ఎక్కడికి బదిలీ చేసినా ఆవిడ ఒళ్ళో కూర్చుని ప్రయాణం చేసి, ఆఖరికి తెనాలి నుంచి సూరత్ చేరింది. వీధిలోకి కళాయివాలా వస్తే దానికి లోపల తళతళలాడే తగరం పూత వేయిస్తారు. "స్టీలు గిన్నెలో కాస్తే చారవదు, కషాయమవుతుంది. మగాడికి పూటపూటా వేడిగా కాచిపెట్టాలి. మిగిలింది పారబోయడానికి చేతులెలా వస్తాయమ్మా?" అంటారావిడ. చేతులు రావు గనక, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉదయశ్రీ వంతుకి నిన్నటి చారే వస్తోంది.

సీసం మీద పరిశోధన ఉదయశ్రీది. పద్యం కాదు, లోహం. మనుషుల రక్తంలో అదెంత చేరిందో కొలుస్తుంది. "మా భారలోహాల భార్యామణి!" అని ఉమాకాంత్ బ్యాంకు స్నేహితులకి పరిచయం చేస్తాడు. అందరితోపాటు ఆవిడా నవ్వుతుంది, ఎవరో పక్కన నిలబడి నవ్వినట్టు. ఈమధ్య కోపం రాదు, ఏడుపు రాదు. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కి, కుక్కర్ ఆవిరి తగిలినా తెలియదు. కాపురం ముదిరితే మనిషి ఇలాగే మొద్దుబారుతుంది కాబోలు అనుకుంది. ఓసారి డాక్టరుకి చూపించుకుందామంటే, "నువ్వే డాక్టరువిగా!" అన్నాడు ఉమాకాంత్. ఆ పీహెచ్‌డీని ఆ ఇంట్లో ఎవరైనా తలుచుకున్నది ఆ ఒక్కసారే.

సూరత్‌లోని ఖటోదరాలో బట్టలకి రంగులేసే కార్మికుల రక్తాన్ని, సీసం జోలికే పోని 'శుభ్రమైన' వాళ్ళ రక్తంతో పోల్చడం ఈ ఏటి పని. శుభ్రమైన వాళ్ళు తక్కువపడితే ల్యాబుల్లో అందరూ చేసేదే ఆవిడా చేసింది. రక్తం ఇవ్వడానికి తన చెయ్యే చాచింది.

"మేడమ్, జర ఇటు రండి," అని పిలిచింది నీరజ. మగ్గాలవాళ్ళ అమ్మాయి, సూరత్‌లోనే పుట్టింది, ఉదయశ్రీ దగ్గరే పరిశోధన చేస్తోంది. "ఏందో గడ్‌బడ్ అయింది. శుభ్రమైనోళ్ళల్ల ఒక సాంపిల్ రంగులోళ్ళ కన్న ఎక్కువ చూపెడ్తుంది. మళ్ళ చేసిన, గట్లనే వచ్చింది. ఎవరో ఏమో, పాపం!"

ఉదయశ్రీ నంబరు చూసింది. తనదే. మొన్నటిదాకా శుభ్రంగా ఉన్న మనిషి.

టిఫిన్ డబ్బా తెచ్చి, అందులోని చారుని పరీక్షకి పెట్టింది. మర్నాడు అదే గిన్నెలో అప్పుడే కాచిన చారు తెచ్చి పెట్టింది. అప్పటికప్పుడు కాచినదాంట్లో సీసం కొంచెమే ఉంది. రాత్రంతా నిలవున్నదాంట్లో దానికి ఎన్నో రెట్లుంది. కళాయివాలా తగరంలో చవగ్గా సీసం కలిపాడు. చింతపండు పులుపు తెల్లవార్లూ దాన్ని కొరుక్కుతింది. భర్తకి వేడి తేట, అత్తగారికి తర్వాతి గరిటె, తనకి తెల్లారిన పులుపు. వడ్డించే వరసే విషానికి కొలతయింది.

"దీన్ని తీసేద్దామా మేడమ్? ఒక్కటే గద. పేపర్ సాఫ్‌గ ఉంటది."

"తియ్యకు. రంగులవాళ్ళ వైపుకి మార్చు."

"మరి పనిచేసే జాగా ఏమని రాయాలె?"

"వంటిల్లు."

నీరజ నవ్వబోయి మేడమ్ మొహం చూసింది. "మా అమ్మ గూడ మిగిలిందే తింటది," అంది మెల్లగా.

ఆ సాయంత్రం ఉదయశ్రీ ఇంట్లో చెప్పింది.

"నేనూ ఆ చారే తాగుతున్నాగా, నాకేమైంది? మీ మిషనుకే ఏదో అయ్యుంటుంది," అన్నాడు ఉమాకాంత్, ఫోన్లోంచి తలెత్తకుండా.

"బంగారంలాంటి గిన్నె మీద నింద వేస్తావా!" అన్నారు శేషారత్నం గారు.

"రేపు మీ ఇద్దరి రక్తం కూడా పరీక్ష చేయిస్తాను," అంది. కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. కోపం లేకుండానే వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలో మధ్యాహ్నం మిగిలిన చారుని సింకులో పారబోసింది. చేతులు బాగానే వచ్చాయి. ఖాళీ గిన్నెని ల్యాబుకి తీసుకెళ్ళే సంచిలో పెట్టి, స్టీలు గిన్నెలో చారు కాచింది. ముందుగా తన కంచం పెట్టుకుని కూర్చుంది.

"అదేమిటమ్మా, వాడింకా తినందే?"

"మీరూ రండి అత్తయ్యా. చల్లారితే బాగోదు."

మొదటి ముద్ద చురుక్కుమని నాలిక కాల్చింది. ఉదయశ్రీ ఉలిక్కిపడలేదు, ఊదుకోలేదు. ఆ మంట ఎంతసేపుంటుందో చూస్తూ, రెండో గరిటె పోసుకుంది.