పదింటి షిఫ్ట్

ఆ మంగళవారం పొద్దున్నే పప్పు కడిగి కుక్కర్‌లో పోశాను గానీ మూత బిగించలేకపోయాను. వేళ్ళు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. కీళ్ళవాతం అని డాక్టర్ తేల్చి రెండేళ్ళయింది. లేచిన రెండు గంటలదాకా చేతులు నా మాట వినవు. సరిగ్గా ఆ రెండు గంటల్లోనే వంట చేసి, ఆయనకీ అమ్మాయికీ లంచ్ బాక్సులు సర్ది, ఏడింటికల్లా ఇక్కడ కెనడాలో, బ్రాంప్టన్‌లోని వేర్‌హౌస్‌లో పనికి ఉండాలి. "చలికి అందరికీ పట్టేస్తాయి చంద్రికా. పనిలో మాత్రం చెప్పకు, తీసేస్తారు" అన్నాడు మా ఆయన కోదండరామ్. చెప్పలేదు. నొప్పి కనబడకుండా నవ్వడం కూడా ఒక పనేనని, దానికి జీతం లేదని ఎవరికి చెప్పను?

నా పక్క టేబుల్ దగ్గర ప్యాకింగ్ చేసే వాసవి నెల రోజులుగా నా వైపు వచ్చిన బరువు పెట్టెలు తనవైపు లాక్కుంటోంది. ఎక్కువ చేసినట్టు కనబడాలని కాబోలు అనుకుని ఆమెతో మాటలు తగ్గించాను. ఆ రోజు పెట్టెలకి టేపు అంటించే గన్ రెండోసారి చేజారింది. వాసవి వంగి తీసిచ్చింది.

"అక్కా, మా అమ్మకీ ఇదే. మీరు రెండు చేతులతో కాఫీ కప్పు పట్టుకున్నప్పుడే తెలిసింది నాకు. డెనీస్‌తో మాట్లాడదాం పదండి, నేనూ వస్తా."

సూపర్‌వైజర్ డెనీస్ అంతా విని, డాక్టర్ లెటర్ తెమ్మంది. తరవాతి వారం నుంచి నన్ను పదింటి షిఫ్ట్‌కి, పెట్టెల మీది బార్‌కోడ్‌లు స్కాన్ చేసే తేలిక పనికి మారుస్తానంది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం అడిగింది. బస్సులో ఇంటికి వస్తూ ఏడ్చాను. నేను కోపం పెట్టుకున్న మనిషే నెలరోజులు నా బరువు మోసిందని.

ఇంట్లో చెబితే ఆయన సంతోషించాడు.

"మంచిదేగా. ఇక పొద్దున తీరిగ్గా ఇడ్లీలు కూడా వేయొచ్చు."

చెడ్డవాడు కాదు. అందుకే ఇన్నేళ్ళు ఎదురు చెప్పలేకపోయాను.

"ఆ టైం వంట కోసం ఇచ్చింది కాదండీ. నా చేతుల కోసం ఇచ్చిన గంటలు. వచ్చే వారం నుంచి ఏడింటికి లేస్తాను. తొమ్మిదిదాకా నన్ను పిలవకండి."

"మరి మా బాక్సులు?"

"దేవుడి దయవల్ల మీ చేతులు బాగానే ఉన్నాయి కదండీ" అన్నాను.

ఎత్తిపొడవలేదు. నిజంగానే ఆ దయకు దణ్ణం పెట్టుకుని అన్నాను.