నాలుగింటి మంచు

మూడున్నర దాటితే టికెట్ల ఆవిడ ఇక కూర్చోదు. లోయ గేటు పక్కన నిలబడి, హెచ్చరిక గంట కొడుతూ, బయటికొచ్చే ఒక్కో తలనీ లెక్కపెడుతుంది. ఎందుకంటే నాలుగింటికి మంచు వస్తుంది. వేల ఏళ్ల కిందట ఈ లోయని తొలిచి కరిగిపోయిన మంచునదే, రోజూ ఠంచనుగా వచ్చి, గేటు దాకా నిండి, తెల్లారేసరికి వెళ్లిపోతుంది. అందులో చిక్కుకున్నవాళ్ల ప్రాణానికి ఢోకా లేదు గానీ, దాంతోపాటే మాయమై, దాంతోపాటే తేలి, రోజుకి జానెడు చొప్పున గేటు వైపు దిగాలి. పదేళ్ల కిందట చిక్కుకున్న మొక్కల మాస్టారు మొన్న వేసవిలో బయటపడి, "టీ చల్లారిపోయిందా?" అని అడిగాడు.

ఆ రోజు లోపలికెళ్లింది నలభై ఆరు. వచ్చింది నలభై ఐదు.

"నేను చూసొస్తా," అన్నాడు గైడు, ఆమె భర్త.

"అరగంటే ఉందండీ."

"అరగంటలో రెండుసార్లు వెళ్లొస్తా. నువ్వు కంగారుపడి నన్ను కంగారుపెట్టకు."

మూడూ యాభైకి ఒక గడ్డపాయన లోయ పక్కనున్న గట్టు మీదుగా తాపీగా దిగొచ్చాడు. "దారి తప్పానమ్మా."

నలభై ఆరు. ఆమె ఊపిరి పీల్చుకుని గేటుకి తాళం వేసింది. తాళంచెవి జేబులో వేసుకోబోతూ ఆగిపోయింది. భర్తకి టికెట్ లేదు. ఇన్నేళ్లలో గైడుని ఎవరూ లెక్కలో వేయలేదు.

గంట తాడు అందుకుని ఆపకుండా లాగింది. పైనుంచి జవాబుగా ఈల వినిపించింది, చాలా దూరంగా. తాడు వదిలేసి గట్టు మీద పరుగు తీసింది. సగం దారిలో ఉండగానే లోయ తెల్లబడింది.

గేటు నుంచి ఆరువందల నలభై మీటర్ల రాయి దగ్గర కనిపించాడు. నీలి మంచు లోపల, ఒక కాలు పైకెత్తి, పరుగులోనే ఉన్నాడు.

జానెడు చొప్పున మీటరుకి ఐదు రోజులు. మొత్తం మూడువేల రెండొందలు. ఎనిమిదేళ్ల తొమ్మిది నెలలు. తమ ఐదేళ్ల పాపకి అప్పటికి పద్నాలుగో ఏడు. మంచులో ఆయన వయసు కదలదు; ఆమె ఆయనకంటే పెద్దదైపోతుంది.

గడ్డపాయన రొప్పుతూ వెనకే వచ్చాడు. మంచులోకి తొంగిచూశాడు.

"నా కోసం వెళ్లాడా?"

"మీ కోసమే."

అతను మంచు మీద అరచెయ్యి ఆనించాడు.

"రేపట్నుంచి నాలుగింటికి పాపతో నేనిక్కడుండాలి," అందామె, భర్త మీంచి చూపు తిప్పకుండా. "కింద గంట కొట్టడానికి మనిషి లేడు."

ఆఖరి బస్సు మలుపులో రెండుసార్లు హారన్ కొట్టింది. అతను అటు చూడలేదు.

"ఎన్ని దెబ్బలు కొట్టాలి?" అన్నాడు.