రెండు వేళ్ళ శ్రుతి

ఇంగ్లండులో డాంకాస్టర్ అనే ఊళ్ళో ఒక డాన్సు హాలు ఉండేది. అక్కడ ఓల్వెన్ పాట మొదలుపెట్టగానే ఎవడో సీసా విసిరాడు. "నీ అడవికి పోవే" అని అరిచాడు కూడా. ఆ పిల్ల పుట్టింది కార్డిఫ్ రేవులో. తల్లి వేల్స్ మనిషి, తండ్రి ఆఫ్రికా పక్కనున్న కేప్ వెర్డీ దీవుల నుంచి వచ్చిన నల్ల ఓడ కళాసీ. అడవిని సినిమాలో తప్ప చూసి ఎరగదు. కనుబొమ మీద తగిలి రక్తం కారుతుంటే వంగి సీసా తీసింది, దీపం వెలుగులో పెట్టి చూసింది. "ఎవరిదండీ ఇది? ఇంకా సగం బీరు ఉంది" అని గటగటా తాగేసి, మళ్ళీ మొదటి నుంచి పాడింది. అప్పటికి దానికి పందొమ్మిదేళ్ళు. నేను వెనకాల పియానో వాయిస్తున్నాను. ఆ పూటే అనుకున్నాను, ఈ పిల్ల అయితే పైకొస్తుంది, లేదంటే ఎవడి చేతిలోనో చస్తుంది అని.

నా పేరు విన్నీ క్రాపర్. ఉత్తరాది రాచ్‌డేల్ మనిషిని. లండన్‌లో సోహోకి వచ్చి ఇన్నేళ్ళయినా నా యాస పోలేదు, నా నోరూ మూతపడలేదు. యుద్ధంలో మగవాళ్ళందరూ సైన్యంలోకి పోతే ఆడవాళ్ళ బ్యాండులో పియానో పట్టాను. వాళ్ళు తిరిగొచ్చాక లేవమన్నారు. లేవలేదు.

ఓల్వెన్ అప్పటి గొంతు మీరు వినలేదు. ఇప్పుడు వినడానికీ లేదు. పైస్థాయికి వెళ్ళేకొద్దీ ఆ గొంతు ఇంకా తేటపడేది. బ్యాండులో కుర్రాళ్ళు తమ వంతు వచ్చిందని మరిచిపోయి వింటూ నిలబడిపోయేవాళ్ళు. నేను ఒక్కొక్కణ్ణి తిట్టి లేపేదాన్ని. ఊరూరా డాన్సు హాళ్ళలో నాలుగేళ్ళు నలిగి, చివరికి సోహోలో పీకాక్ క్లబ్బులో కుదురుకున్నాం. నేలమాళిగ గది. ఆదివారం మధ్యాహ్నం పబ్బులు మూసేశాక, ఇంటికెళ్ళి పెళ్ళాం మొహం చూడటం ఇష్టంలేని వాళ్ళందరూ మెట్లు దిగి మా దగ్గరికొచ్చేవాళ్ళు.

ఆ క్లబ్బు తలుపు దగ్గర గొడవలు జరక్కుండా చూసేవాడు లెన్ స్టరక్. డబ్బు ముట్టకపోతే గొడవ చేసేదీ వాడే. ముదనష్టపు వెధవ. మంచి సూటు, మెత్తటి మాట, పై జేబులో గడ్డం గీసుకునే కత్తి. ముందు బల్ల వాడిది. వాడు కూర్చోకపోయినా అక్కడ ఇంకెవడూ కూర్చోడు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో వాయించేవాళ్ళకి చెప్పాలంటే మేం అరవం, వేళ్ళు చూపిస్తాం. ఎన్ని వేళ్ళు పైకెత్తితే అన్ని షార్పులు, అంటే హెచ్చు స్వరాలు; కిందకి దించితే అన్ని ఫ్లాట్లు, అంటే తగ్గు స్వరాలు. లండన్ నుంచి గ్లాస్గో దాకా వాయించేవాడు ప్రతివాడికీ తెలుసు. వినేవాళ్ళకి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. మామూలుగా ఓల్వెన్ చెయ్యి నడుం దగ్గరే పెట్టి, ఎవరికీ కనబడకుండా చూపించేది.

ఆ ఆదివారం పిల్ల ఎగిరి గంతేస్తోంది. వచ్చే గురువారం రేడియోవాళ్ళు దాని పాట వింటామన్నారు. "అక్కా, ఇవాళ గొంతు ఎంత బాగుందో! రోజూ పాడే శ్రుతి చాలదు, ఒక మెట్టు పైకెక్కుదాం" అంది. పాట ముందు నా వైపు తిరిగింది. నాకు చూపు ఆనదని చెయ్యి భుజం దాకా ఎత్తి రెండు వేళ్ళు చూపించింది. అరచెయ్యి నా వైపు. చేతి వెనక భాగం ముందు బల్ల వైపు.

మా దేశంలో రెండు వేళ్ళు అలా ఎత్తి చూపిస్తే ఏమని అర్థమో పాలు తాగే పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. అమ్మనాబూతులు తిట్టినట్టే. స్టరక్ పక్కనున్నవాడు ఒకడు కిసుక్కున నవ్వాడు. వాడు నవ్వకుండా ఉంటే ఈ కథే లేదు.

పాట అయ్యేదాకా స్టరక్ కదల్లేదు. అయ్యాక అందరితోపాటు చప్పట్లు కొట్టి, నెమ్మదిగా లేచి వచ్చి పియానో పక్కన నిలబడ్డాడు.

"ఎవరికి చూపించావే అది?"

"ఏది?" అంది ఓల్వెన్. దానికి నిజంగానే అర్థం కాలేదు.

వాడు రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు. అది పకపకా నవ్వేసింది. "అయ్యో, నీకు కాదు మహానుభావా! విన్నీ అక్కకి శ్రుతి చెప్పాను. రెండు షార్పులు."

"షార్పులా?" వాడు పై జేబులో కత్తిని తట్టాడు. "షార్పుది నా దగ్గరా ఒకటుంది."

నేను లేచాను. "ఒరే లెన్, అది నాకే చూపించిందిరా. వాయించేవాళ్ళ గుర్తు అది. కావాలంటే ఎవణ్ణయినా అడుగు" అన్నాను. వాడు అడగలేదు. వాడికీ అర్థమయిందనే నా నమ్మకం. కానీ తన పక్కవాడే నవ్వాడు కదా, ఇప్పుడు పొరపాటు పడ్డానని ఒప్పుకుంటే ఇంకా నవ్వుతారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంతా ఆ పిల్ల మీద పడింది.

"అందరి ముందూ చూపించావు. అందరి ముందే క్షమించమను."

"తప్పు చేస్తే అంటాను. పియానోకి చెప్పిన మాటకి నీకు క్షమాపణ ఏంటి? నువ్వేమన్నా పియానోవా?"

ఈసారి హాలంతా నవ్వింది. వాడు కత్తి తియ్యలేదు. ఒక చేత్తో దాని మెడ పట్టుకుని పియానో మీదకి వెనక్కి వంచి, బొటనవేలు గొంతులోకి దించాడు. కోపంగా కూడా లేడు. బూటులో కాలు దూర్చుకుంటున్నవాడిలా ఆనించి ఆనించి నొక్కాడు. పచ్చి చిక్కుడుకాయ విరిచిన చప్పుడు వినబడింది నాకు. స్టూలు ఎత్తి వాడి వీపున కొట్టాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. మా బ్యాండులో డబుల్ బాస్, అదే నిలువెత్తు ఫిడేలు, వాయించే ఆర్చీ అడ్డం రాబోతే స్టరక్ మనుషులు నెత్తిన సీసా పగలగొట్టారు, చెవి సగం తెగి వేలాడింది. స్టరక్ వదిలేసరికి ఓల్వెన్ నేల మీద పడి నోరు తెరుస్తోంది, మూస్తోంది, చప్పుడు మాత్రం రావడం లేదు. నోట్లోంచి రక్తం. అంతమంది జనం, ఒక్కడు కదిలితే ఒట్టు.

ఆసుపత్రిలో మెడకి బెజ్జం పెట్టి గొట్టం దింపారు. "మాట రావచ్చు. పాట అంటే మరిచిపోండి" అన్నాడు డాక్టరు, అది వింటుండగానే. గురువారం వచ్చింది, పోయింది.

పోలీసు స్టేషనుకి వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పాను. పోలీసులు ఆర్చీ చెవి చూపించి ఏం జరిగిందని అడిగితే జారిపడ్డానన్నాడు. మిగతావాళ్ళందరికీ సరిగ్గా ఆ నిమిషంలోనే బూటు తాళ్ళు ఊడాయట, వంగి కట్టుకుంటున్నారట. "మీరొక్కరే చూశారామ్మా?" అన్నాడు సార్జెంటు. "నేనొక్కదాన్నే మనిషిని అక్కడ" అన్నాను. వారం తిరక్కుండా స్టరక్ మనుషులిద్దరు వచ్చారు. నేను ఇంట్లో వాయించుకుంటున్నాను. ఒకడు నా భుజాలు పట్టుకున్నాడు, రెండోవాడు నా ఎడమ చేతి మీద పియానో మూత దబ్బున వేసి దాని మీద కూర్చున్నాడు. "ఇప్పుడు చూపించు ఎన్ని వేళ్ళు చూపిస్తావో" అన్నాడు. చిటికెన వేలూ ఉంగరం వేలూ ఈనాటికీ వంగవు. అయినా సాక్ష్యం మార్చలేదు. ఓల్వెన్ గొంతులో గొట్టంతో మంచం మీదుంది, నా ఒక్క సాక్ష్యంతో నిలబడదని కేసు పోలీసులే వదిలేశారు. వాళ్ళ చట్టానికో దండం.

ఓల్వెన్‌ని కామ్డెన్‌లో నా గదికి తెచ్చుకున్నాను. శీతాకాలమంతా మాట లేదు. చెంచాతో బల్ల మీద కొట్టి పిలిచేది. టీ కావాలంటే ఒక దెబ్బ, నేను నోరు మూసుకోవాలంటే చాలా దెబ్బలు. వసంతం వచ్చాక గొంతులోంచి ఏదో చప్పుడు బయటికొచ్చింది, తుప్పుపట్టిన కీలులా. రోజూ దుప్పటి ముసుగేసుకుని ఆ కీలు తిప్పేది. గొంతు మంటెక్కి రక్తం ఉమ్మేది, మళ్ళీ తిప్పేది. చచ్చిపోతావే పిల్లా అంటే చెంచా విసిరింది నా మీద.

ఒక మధ్యాహ్నం నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. వెనకాల ఎవరో పాడుతున్నారు. ఆడ గొంతు కాదు, మగ గొంతూ కాదు. లోతుగా, గీరుకుపోతూ, చీకటి నూతిలోంచి తోడినట్టు. తిరిగి చూస్తే ఇది. నన్ను పియానో వైపు తోసి రెండు వేళ్ళు చూపించింది, కిందకి. రెండు ఫ్లాట్లు. పాత పాటే, నేల దాకా దిగిపోయింది. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఏడిస్తే ఎలా అక్కా? వాయించు" అంది. రెండు వేళ్ళు తక్కువైన సంగీతంలా వాయించాను. అది పాడింది.

ఆ గొంతుతోనే పేరొచ్చింది. హ్యామర్‌స్మిత్‌లో ఒక క్లబ్బు, తర్వాత రికార్డులు, పారిస్, కోపెన్‌హేగెన్. పత్రికలవాళ్ళు అందులో పొగ ఉందన్నారు, తేనె ఉందన్నారు. ఎక్కణ్ణించి వచ్చిందని ఎవడూ అడగలేదు. అది చెప్పలేదు. మెడ మీద మచ్చకి పట్టు గుడ్డ కట్టుకుంటే దాన్నీ ఫ్యాషన్ అన్నారు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒక ఆదివారం మధ్యాహ్నం హ్యామర్‌స్మిత్ క్లబ్బుకి స్టరక్ వచ్చాడు. భార్యని తెచ్చాడు, చాక్లెట్ల పెట్టె తెచ్చాడు. ముందు బల్ల. ఓల్వెన్ చూసింది, పాడుతూనే ఉంది. సగం పాటలో వాడు పక్క బల్లవాళ్ళతో, అందరికీ వినబడేలా అన్నాడు:

"ఆ గొంతు విన్నారా? నా చేతి పని. పాతది పిట్టకూతలా ఉండేది. ఇదిగో, ఈ బొటనవేలితో కాస్త సరిచేశాను."

భార్య సిగ్గుపడి వాడి మోచెయ్యి లాగింది. వాడు ఇంకా గొంతు పెంచాడు. "ఏమే ఓల్వెన్! రికార్డు మీద నా పేరు కూడా వేయించొద్దటే?"

జనం నవ్వారు. ఏదో సరసం అనుకున్నారు, దరిద్రులు.

అది పాట పూర్తి చేసింది. ఒక్క మాట మింగలేదు. తలవంచి నమస్కారం పెట్టింది. తర్వాత మైకు ఊడదీసి నా పియానో మీద జాగ్రత్తగా పెట్టింది. స్టాండు తలకిందులుగా పట్టుకుంది. ఆ స్టాండు అడుగున ఇనప దిమ్మ ఉంటుంది, మగవాడు ఎత్తినా బరువే. మెట్టు దిగి వెళ్ళి ఆ దిమ్మతో స్టరక్ దవడ మీద కొట్టింది. పళ్ళు చాక్లెట్ల పెట్టెలో పడ్డాయి. వాడు జేబులోకి చెయ్యి పెట్టాడు. చేతి మీద కొట్టింది. వాడు కుర్చీతో సహా పడిపోయాక భుజం మీద కొట్టింది, మళ్ళీ దవడ మీద కొట్టింది. భార్య కేకలు పెడుతోంది. ఓల్వెన్ నోట ఒక్కో దెబ్బకీ ఊపిరి బయటికొస్తోంది అంతే. ఆపమని నేననలేదు. అనను కూడా. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారే, ఆ తన్నేది చూసి నా కడుపు నిండింది.

అప్పుడు మాత్రం అందరి బూటు తాళ్ళూ గట్టిగానే ఉన్నాయి. అందరూ చూశారు, అందరూ సాక్ష్యం చెప్పారు.

ఓల్వెన్ తరపు లాయరు పెంఫోల్డ్ మంచివాడే. జైలుకొచ్చి చెప్పాడు. "అమ్మా, ఒక్క మాట అనండి చాలు. ఆ మనిషి నా గొంతు పాడుచేశాడు, నా బతుకు నాశనం చేశాడు, అది గుర్తొచ్చి ఒళ్ళు తెలీలేదు అనండి. జూరీ కన్నీళ్ళు పెట్టుకుంటుంది. కొద్ది నెలల్లో బయటికొస్తారు."

అవతలి లాయరు తెలివైనవాడు. ఓల్వెన్‌ని బోనులో నిలబెట్టి ఒక పత్రిక తీశాడు. దాని గొంతుని పొగిడిన వ్యాసమంతా తీరిగ్గా చదివాడు. "మరి ఈ గొంతు వచ్చాకే కదా మీకు పేరొచ్చింది? స్టరక్ గారి వల్ల మీకు నష్టమా, లాభమా? పాడయిందా, బాగయిందా? ఒక్క మాటలో చెప్పండి."

పెంఫోల్డ్ 'పాడయింది' అనమని కళ్ళతోనే బతిమాలుతున్నాడు. నేను పై వరసలో కూర్చుని పెదవులు కదుపుతున్నాను, అనవే తల్లీ, అను, బయటికొచ్చెయ్యి అని.

ఓల్వెన్ మెడకున్న పట్టు గుడ్డ విప్పేసింది. "పాడవలేదు, బాగవలేదు. నాకున్న గొంతుని వాడు చంపేశాడు. ఇది ఇంకోటి. దీన్ని నేను కన్నాను. కనేటప్పుడు వాడు ఆ గదిలో లేడు. ఇది పాడయిందని నా నోటితో అనను. వాడిచ్చాడనీ అనను. శిక్ష వేసుకోండి."

మూడేళ్ళు వేశారు. నేను జడ్జిని ఏమన్నానో ఇక్కడ చెప్పకూడదు. ఇద్దరు జవాన్లు నన్ను మోసుకెళ్ళి బయట పడేశారు.

మర్నాడు పొద్దున్నే పత్రికలన్నీ కొన్నాను. ఒక్కదాంట్లో కూడా బోనులో ఓల్వెన్ అన్న మాట లేదు. 'గూండా ఇచ్చిన గొంతు, గాయనికి జైలు' అని ఒకడు వేశాడు. మిగతావాళ్ళూ అటూ ఇటుగా అదే. ఆ వారం దాని రికార్డులు దొరక్క జనం దుకాణాల ముందు కొట్టుకున్నారు.

జైల్లో చూడటానికి వెళ్ళాను. బల్లకి అటువైపు అది, ఇటువైపు నేను, పక్కన కాపలా మనిషి. బాగున్నావా అని నేను అడిగేలోపే అది ముందుకి వంగింది.

"వేశారా అక్కా? నేనన్న మాట వేశారా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. దాని మొహం చూస్తూ చెప్పలేకపోయాను. "లేదే పిల్లా. వాడిచ్చాడనే వేశారు" అన్నాను.

"ఆ మాట కోసమే కదక్కా మూడేళ్ళు ఒప్పుకున్నాను" అంది.