పడమటికి వంగిన నిమ్మ

నా బీరువాలో ఒక గుర్తింపు కార్డు ఉంది. ఫోటో అంటించి, లామినేషన్ చేసి, మెడలో వేసుకోవడానికి నీలం తాడు కూడా ఇచ్చారు. ‘కమలకుమారి, స్వచ్ఛంద తోట శిక్షకురాలు’ అని ఉంటుంది. దాన్ని నేను మెడలో వేసుకుంది ఒక్కసారే.

రెండువేల మూడులో మా గుడిమల్కాపూర్ కమ్యూనిటీ హాల్లో ఆదివారాలు క్లాసులు జరిగేవి. ఉద్యానశాఖలో రిటైరైన శ్రీహరిరావుగారు మేడ మీద మొక్కలు పెంచడం నేర్పేవారు. పన్నెండు వారాలు నేర్చుకోవాలి. ఆ తర్వాత ఒక గల్లీని ఎంచుకుని ఇంటింటికీ వెళ్లి ఉచితంగా నేర్పాలి. అప్పుడు కార్డు ఇస్తారు. చేరిన ఇరవై రెండు మందిలో నేనే ముందు. ఆకు చూసి జబ్బేదో చెప్పేసేదాన్ని. గొప్పలు పోతున్నాననుకుంటారేమో, నిజంగానే పోయాను, అందుకే చెబుతున్నాను.

శ్రీహరిరావుగారికి ఒక చాదస్తం. కత్తెర పట్టుకునే ముందు ఇంటివాళ్లను మూడు ప్రశ్నలు అడిగి పుస్తకంలో రాయాలి. ఈ మొక్క ఎప్పుడు పెట్టారు, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు. నాకు మహా విసుగు. జబ్బు ఆకు మీద కనిపిస్తుంటే దాని పుట్టుపూర్వోత్తరాలతో ఏం పని? ఆ మూడు గళ్లూ ఇంట్లో కూర్చుని నేనే నింపేసేదాన్ని.

నేను ఎంచుకున్నది గుడిమల్కాపూర్‌కు తూర్పున, మొఘల్‌పురాలో ఒక గల్లీ. పెళ్లయిన కొత్తలో అక్కడే, మూలింట్లో అద్దెకుండేవాళ్లం. తొంభై డిసెంబరులో కర్ఫ్యూ పెట్టినప్పుడు మా ఉదయశ్రీ ఆ ఇంట్లోనే పుట్టింది. ఆసుపత్రికి వెళ్లే దారి లేక, పక్కింటివాళ్లు మేడల మీదుగా ఒక మంత్రసానిని దాటించి తీసుకొచ్చారు. తలుపులు, కిటికీలు మూసేసిన గదిలో చిన్న దీపం పెట్టుకుని ఆమె పురుడు పోసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆ నొప్పుల్లో నేను ఆమె ముఖం సరిగ్గా చూసింది లేదు, తర్వాతైనా పేరు కనుక్కుంది లేదు. వేసవిలో ఇల్లు మారిపోయాం.

గల్లీలో చివరి ఇల్లు నాగమణమ్మది. డెబ్భై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. ఆమె మేడ ఎక్కాను. పాత నూనె డబ్బాల్లో తొమ్మిది మొక్కలున్నాయి. ఏ మొక్కయినా వెలుతురు వైపే వంగుతుంది. ఇవి ఒక్కోటి ఒక్కో దిక్కుకు వంగి ఉన్నాయి. దానిమ్మ పిట్టగోడ మీదుగా గల్లీలోకి వంగింది. గోరింట చార్మినార్ వైపు. నిమ్మ పడమటికి. పొద్దుటి ఎండ దాని వీపు మీద పడుతున్నా అది ఇటు తిరగలేదు.

నిమ్మ డబ్బాను నేనే అటు నుంచి ఇటు తిప్పి పెట్టాను. వారం తర్వాత వెళ్లేసరికి కాండం మెలి తిరిగి మళ్లీ పడమటికే వంగి ఉంది. ముదురు కాండం వారం రోజుల్లో అలా తిరగదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

ఆ కోపంలో దానిమ్మ మీద పడ్డాను. ఆకులు ఎండుతున్నాయి, దీని తెగులు మిగతావాటికి అంటుకుంటుంది, పీకి పారెయ్యమన్నాను. నాగమణమ్మ చాలాసేపు దాని దగ్గర నిలబడింది.

“సదువుకున్నదానివి. మిగిలిన ఎనిమిదన్న బతకాలె. నువ్వు తియ్యమంటె తీస్త,” అంది.

పీకి నేల మీద పడేసింది. ఊరికే, అలవాటు కొద్దీ, నేను దాని బెరడును గోటితో గీకి చూశాను. అది మాకు మొదటి క్లాసులో నేర్పిన పద్ధతి. లోపల గోధుమ రంగుంటే చచ్చినట్టు, పచ్చగా ఉంటే బతికున్నట్టు. పచ్చగా ఉంది. అన్న మాట వెనక్కి తీసుకోవడం నామోషీ అనిపించి, చెత్తలో వేయించాను.

తర్వాత నిమ్మ. వేర్లు డబ్బా అంతా చుట్టుకుపోయాయి, మూడోవంతు కోసి మళ్లీ నాటాలన్నాను. ఈసారి ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“దాని వేర్లు ముట్టకు బిడ్డా. ఇంకా ఎదిగే ఈడు.”

చెయ్యి విడిపించుకుని మొక్కను డబ్బాలోంచి బయటకు లాగాను. మట్టిలోంచి పసుపు, వాము పొగ కలిసిన వాసన వచ్చింది. బాలింత గదిలో వచ్చే వాసన. వేరు పట్టుకుంటే వెచ్చగా ఉంది. ఒక్క క్షణం ఆగాను. ఆగి కూడా కోశాను. పుస్తకంలో టైము రాశాను, మధ్యాహ్నం మూడుంబావు.

ఇంటికి వెళ్లేసరికి ఉదయశ్రీని స్కూలు నుంచి ఆటోలో తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. పన్నెండేళ్ల పిల్ల, డ్రిల్ పీరియడ్‌లో నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయిందట. కాళ్లు కదలడం లేదు. గిల్లినా తెలియడం లేదు. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి ఏ లోపమూ లేదన్నారు. పడిపోయింది ఎన్నింటికని అడిగితే, మూడుంబావుకని డ్రిల్ మాస్టారు చెప్పాడు. నేను విన్నాను, ఏమీ అనుకోలేదు. అనుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

తొమ్మిదో రోజుకు ఇక నా వల్ల కాలేదు. పిల్లను మా ఆయనకు అప్పజెప్పి మొఘల్‌పురా వెళ్లాను. గల్లీ మొదట్లో షామియానా వేసి ఉంది. కుర్చీ మీద దండ వేసిన ఫోటో, ఇంకా మీసాలు రాని పిల్లవాడు. తల దించుకుని దాటి వెళ్లాను.

నిమ్మ ఆకులన్నీ రాల్చేసి, అయినా పడమటికే వంగి ఉంది. నేను పుస్తకం తెరిచి, నింపిన గళ్లు కొట్టేసి, నాగమణమ్మను మొదటిసారి అడిగాను. ఎప్పుడు, ఎవరు, ఎందుకు.

ఆమె చెప్పింది. కర్ఫ్యూ రోజుల్లో ఆ చుట్టుపక్కల తొమ్మిది కాన్పులు చేసిందట. బిడ్డ వెంట వచ్చే మాయను కుక్కలు తవ్వని చోట మట్టిలో పూడ్చాలి. గడప దాటితే లాఠీలు.

“యాడ పాతిపెట్టాలె? గందుకే డబ్బలల్ల మన్ను పోసి పెట్టిన, పైన మొక్క నాటిన. గా పిల్లలు యాడుంటె ఇవి గటే సూస్తయి.”

“ఈ నిమ్మ ఎవరిది?”

“మూలింట్ల కిరాయికుండిరి, ఆంధ్ర సారువాళ్లు. ఆడపిల్ల. వాళ్లు అడగలే, నేను చెప్పలే.”

నేను ఆ మేడ మీదే కూలబడి, డబ్బాను రెండు చేతులతో పట్టుకుని ఏడ్చాను. క్షమించమని ఎవరిని అడగాలో తెలియలేదు. ఆమె నన్ను లేపి, తడి గోనె ఎలా చుట్టాలో, నీడకు ఎలా జరపాలో, ఎన్ని చెంబుల నీళ్లో నేర్పింది. నెల రోజులు పిల్లకు అన్నం తినిపించి అక్కడికే పరిగెత్తాను. ఒక సాయంత్రం కాండం మీద బియ్యపు గింజంత చిగురు కనిపించింది. ఇంటికెళ్తే ఉదయశ్రీ పాదాలు తిమ్మిరిగా ఉన్నాయంది. దసరా సెలవులకల్లా గోడ పట్టుకుని నడిచింది.

దానిమ్మ ఎవరిదని మాత్రం నాగమణమ్మను నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

కార్డు వచ్చాక మొదటి క్లాసు ఆ గల్లీలోనే పెట్టమన్నారు శ్రీహరిరావుగారు. బెరడు గీకి చూడటంతో మొదలుపెట్టాను. క్లాసయ్యాక ఒకావిడ కొత్త కుండీతో నా దగ్గరికొచ్చింది. పేరు విమలాదేవి. కొడుకు రామ్‌చందర్ పోయి మూడు నెలలైందట. వాడు పుట్టినప్పుడు నాగమణమ్మ దానిమ్మ నాటిందని, ఇప్పుడు వాడి పేరున మళ్లీ అదే పెడతానని చెప్పింది. ఆ పాత చెట్టు ఏమైందో నాకేమైనా తెలుసా అని అడిగింది.

నేను వెళ్లేసరికే ఎండిపోయిందమ్మా, అన్నాను.

ఆమె తల ఊపింది. కుండీ కింద పెట్టి, తన బొటనవేలి గోరు వైపు కాసేపు చూసుకుంది.

“గీకి సూసిండ్రా మేడం?” అంది.